వాయించినవాడు

"ఇది నువ్వే కదూ?" అంటూ మెడికల్ బోర్డు డాక్టరు ల్యాప్‌టాప్‌ను ఇటు తిప్పాడు.

గిడియోన్ ముందుకు వంగి చూశాడు. తెరమీద గోదావరిఖని గ్రౌండు, స్టేజీ, దానిమీద గిటారు మెడలో వేసుకుని ఎగిరి దూకుతున్న పాతికేళ్ల కుర్రాడు. వాడి ఎడమచేతి వేళ్లు తీగల మీద ఉడతల్లా ఉరుకుతున్నాయి. ఆ చెయ్యి పనికిరాదని చెప్పుకోవడానికే కదా ఇవాళ గిడియోన్ ఇక్కడికొచ్చింది!

"నేనే సార్. ఎనుకటి ముచ్చట. బొగ్గుబావిల కొత్తగ చేరినప్పుడు, మా కార్మికుల బ్యాండు."

"పాత రాక్ కచేరీలన్నీ ఎవరో నెట్‌లో పెట్టారయ్యా. పూర్తిగా ఫ్రీ. నేను రోజూ చూస్తున్నాను."

"మమ్ముల అడగకుంటనే పెట్టిన్రు సార్. పాట నేను కట్టిన. వాయించింది మేము. ఎవ్వడో ఊరికే పంచుడేంది?"

"తీసెయ్యమను మరి. హక్కు నీదే. 'వాయించినవాణ్ని నేనే' అని రాసి సంతకం పెడితే చాలు."

మొన్న నెట్ సెంటరతనూ అదే చెప్పాడు. గిడియోన్ దొంగకు తేలు కుట్టినట్టు ఏ కాగితమూ రాయకుండా ఇంటికొచ్చేశాడు. ఆ వేళ్లు నావేనని అక్కడ సంతకం పెట్టి, అవే వేళ్లు పనిచేయడం లేదని ఇక్కడ చెబితే ఎవరు నమ్ముతారు? బొగ్గు మోసే టబ్బు బండి కింద నలిగిన చెయ్యి ఎప్పుడో అతుక్కుంది. మళ్లీ గిటారు జోలికి పోలేదు గానీ, పనులన్నీ చేస్తూనే ఉంది. కానీ తను అన్‌ఫిట్ అయితేనే తన బదులు కొడుకు మార్కుకు బావిలో నౌకరి. తెలంగాణ వస్తే నౌకర్లొస్తాయని చేసిన సకల జనుల సమ్మె కూడా అయిపోయింది, డిగ్రీ చదివిన పిల్లవాడికి ఎక్కడా ఇంత పని దొరకలేదు. వాడి ముఖం చూసి చూసి ఆ తండ్రి ప్రాణం విసిగిపోయింది. అందుకే పాపం, చెయ్యి వణికించడం బాగా సాధన చేసి మరీ వచ్చాడు.

డాక్టరు బీరువా పక్కనుంచి గిటారు తీశాడు.

"నీ వీడియో చూసే నేర్చుకుంటున్నాను. విను."

అయ్యో, ఆ వాయింపు పగవాడికి కూడా వద్దు! పల్లవి కుంటింది, చరణం బోర్లా పడింది. గిడియోన్ పళ్లు బిగబట్టాడు. తన పాటను తన ఎదుటే ఎవరో ముక్కలు నరుకుతున్నట్టు అనిపించింది. చివరికి ఉండబట్టలేకపోయాడు.

"సార్, గట్ల కాదు!"

"మరెట్లా? నువ్వు వాయించు చూద్దాం."

గిటారు ఒళ్లోకి వచ్చేసింది. ఇదీ సంకటం. సరిగ్గా వాయిస్తే మార్కు నౌకరి గోదాట్లో కలిసినట్టే. తప్పు వాయిస్తే తన పాట గొంతు తనే పిసికినట్టు. గిడియోన్ కళ్లు మూసుకున్నాడు. ఈ బోర్డులు, ఈ అబద్ధాలు, ఈ బతుకు అన్నీ ఒక్కసారిగా బరువనిపించాయి. గట్టిగా ఊపిరి పీల్చి తీగల మీద చెయ్యేశాడు.

ఒక తీగ జీరగా మూలిగింది. ఇంకో తీగ అసలు పలకనే లేదు. చిటికెన వేలు తాళం తప్పి ఎప్పటికో వచ్చి చేరింది. రెండోసారి మొదలుపెట్టాడు, మళ్లీ అదే. మూడోసారికి నుదుటిమీద చెమట పట్టింది.

"చాలయ్యా, చాలు!" డాక్టరు చెయ్యి అడ్డం పెట్టి నవ్వాడు. "నాకు తెలీదనుకోకు. కొడుకు కోసం సొంత పాటనే చంపుకున్నావు. నేనూ తండ్రినే. పో, అన్‌ఫిట్ అని రాస్తున్నాను."

గిడియోన్ నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. వరండాలో మార్కు ఎదురుగా ఉరికొచ్చాడు.

"బాపూ, ఏమన్నడు?"

"రాసిండు. నౌకరి నీదే."

మార్కు తండ్రిని గట్టిగా వాటేసుకున్నాడు. "నాకెరికే బాపూ! జబర్దస్తు యాక్టింగ్ జేసుంటవ్!"

గిడియోన్ వాడి భుజం మీదనుంచి తన ఎడమచెయ్యి కిందికి దించుకున్నాడు.

"యాక్టింగ్ జెయ్యలే బిడ్డా. నీ నౌకరి పోతే పాయె అనుకొని, పానం బెట్టి వాయించిన."