ఆమెన్ అన్నాకే భోజనం

మా ఇంట్లో ఒకరు ప్రార్థన చేస్తే, ఇంకొకరు ఆమెన్ అన్నాకే భోజనం.

ఆ మధ్యాహ్నం నాన్న కళ్లు మూసుకుని, "ప్రభువా, నా భార్యకు కాస్త ఓర్పునివ్వు" అన్నాడు.

అమ్మ పలకలేదు.

"సరే, నాకూ ఇవ్వు."

అమ్మ ఉలకలేదు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. కూర చల్లారిపోతోంది.

నాన్న గొంతు తగ్గించాడు. "ప్రభువా, పొద్దున చర్చి గుమ్మం దగ్గర అందరి ముందూ ఈవిడ పాటను వెక్కిరించాను. ఇక జన్మలో పాడనంటోంది. తప్పు నాదే, క్షమించు."

"ఆమెన్" అంది అమ్మ. వెంటనే తనూ కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఆయనన్నది నిజమే. నా గొంతు పాటకు పనికిరాదు."

నాన్న నోరు మెదపలేదు.

"అనండీ, ఆకలేస్తోంది!" అంది అమ్మ.

"పస్తయినా ఉంటాను గానీ, దీనికి మాత్రం ఆమెన్ అనను."