చప్పుడు లేని జత

“నాకొద్దు పాపా ఇవి. నువ్వే పెట్టుకో.”

ఆదెయ్య కొత్త చెప్పుల జతను తెచ్చి దయామణి మిషను బల్ల మీద పడేశాడు. గొర్రెలు కాసే మనిషి. పొద్దున్నే ఉత్తకాళ్లతో, కోపంతో వచ్చాడు.

దయామణి వాకిటి వైపు చూసింది. అక్కడ ట్రాలీ ఆటో ఆగి ఉంది. మార్కాపురం మిషన్ల దుకాణం నుంచి వచ్చిన సాగర్ ఆమె మాట కోసమే కాచుకుని ఉన్నాడు. తోలు కుట్టే ఈ పెద్ద మిషనును వాడి చూడమని దుకాణం వాళ్లు ఇచ్చిపోయారు. మొదటి జత తొడుక్కున్న మనిషి బాగుందంటే ఉంచుకుంటా, లేకుంటే ఎత్తుకుపో అని ఆమే పౌరుషంగా అంది. ఆ మొదటి జత ఇదే. ఆ మనిషి ఈయనే.

“ఏమైంది మామా? కుట్టు ఊడిందా?”

“ఊడలా.”

“కరిసినాయా?”

“కరిసేదేంది! ఇది నా పాదమేనా అని తడుముకోని సూసుకున్నా.”

“మరేంది?”

“సప్పుడు లేదు.”

సాగర్ పక్కున నవ్వాడు. “పెద్దాయనా, నువ్వడిగింది చెప్పులా, రేడియోనా?”

“నువ్వు నోరు మూసుకోరా అబ్బయ్యా. బూట్లేసుకున్నోడివి, నీకేం తెలుసు?”

ఆదెయ్య పాత చెప్పులను ఊళ్లో ఎరగనివాళ్లు లేరు. చేత్తో కుట్టినవి. పొరకూ పొరకూ మధ్య సందు. అడుగు పడితే పొరలు ఒకదానితో ఒకటి రాసుకుని కిర్రుమనేవి. ఆ సందు మూయడానికే దయామణి ఇన్ని తిప్పలు పడింది. మొదట ఇంట్లో ఉన్న బట్టల మిషను కింద తోలు పెడితే సూది ఫట్టున విరిగింది. తర్వాత చేత్తో చెప్పులు కుట్టే ఆరె పట్టింది. ఒక్కో బెజ్జమే పొడిచి దారం లాగీ లాగీ అరచేతులు బొబ్బలెక్కాయి, జత మాత్రం తెమల్లేదు. “తోలుపని కొత్తగా పట్టుకున్నోళ్లకు ఇదక్కా. తోలును అదిమే దీని పాదం ఎత్తుగా లేస్తది, సూది లావు, తోలును అదే లాక్కుంటది” అని సాగరే ఈ మిషనును దించిపోయాడు.

అప్పట్నుంచీ దయామణి నేల మీద లేదు. మూడు పొరల తోలు పెట్టి తొక్కితే కంభం చెరువు మీద తొలి చినుకులు పడ్డట్టు సన్నటి మోత. తెల్లదారం కుట్లు ఎర్రతోలు మీద, గుట్ట దిగే గొర్రెల్లా ఒకదాని వెనక ఒకటి సాగిపోయేవి. వాటి వెంబడే ఆమె కూడా వెళ్లిపోయేది. ముళ్లు లేని ఊరికి, కూలోడి మడమలు పగలని ఊరికి. అలాంటి ఊరు లేదు. ఉండనిచ్చేవాళ్లూ లేరు. అయినా కుట్టినంతసేపూ ఉండేది.

“చప్పుడు లేకుంటే గొర్రెలు నీ వెంట రావడంలేదా మామా?”

“వాటికి నా కేక సాలు.”

“పురుగూ పుట్రా అని భయమా?”

“తట్టేదానికి కట్టె ఉంది గదా.”

సాగర్ మిషను మీదికి వంగాడు. “కుట్టు పొడుగు పెంచుదామా అక్కా? ఏమన్నా మోగుతాయేమో.”

“పొడుగు పెంచితే వదులవుతది గానీ కిర్రు యాడొస్తది?” అని దయామణి విసుక్కుంది. ఒక చెప్పు చేతిలోకి తీసుకుని వంచి చూసింది. కుట్టు కదల్లేదు. “తొడుక్కుంటే ఎట్లుంది మామా? నిజం చెప్పు.”

ఆదెయ్య కళ్లు గుట్టల వైపు పోయాయి. కోపం గొంతులోనే ఎక్కడో దిగిపోయింది.

“ఎట్ల చెప్పేది పాపా. మంచులో నడిసినట్టుంది. నిన్న పొద్దుగూకే యాళ వస్తాంటే, నేను గుట్ట దిగతాండానా, గుట్టే నన్ను దింపతాందా తెలీలా. ఒక కుందేలు నా కాళ్లకాడనే కూసోని గడ్డి కొరకతాంది. నన్ను సూసింది. పోలా. ఈడు మనిషి గాదులే అనుకుందేమో. నేనూ అట్లనే అనుకోని ఆడనే నిలబడిపోయినా.”

సాగర్ వేలికి ఆటో తాళం తిప్పుకోవడం మానేశాడు.

“ఇంత బాగుంటే ఇంకేంది మామా నీ బాధ?”

“కిర్రు పెట్టు. ఇప్పేసి చేత్తో కుట్టు. ఆ ఆరెతోనే కుట్టు. మిషన్ కుట్టు నాకొద్దు.”

అయిపోయింది. అన్న మాట అన్న మాటే. దయామణి మిషను మెడ మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరింది.

“ఎక్కించుకో సాగర్,” అంది.

సాగర్ మిషనును పట్టుకోబోయాడు. ఆదెయ్య కట్టె అడ్డం పెట్టాడు.

“రేయ్, దాన్నెందుకు తీసకపోతావు? దాని తప్పేముంది? ఇట్లాంటి కుట్టు నా జన్మలో సూళ్లా. ఉంచుకో పాపా. ఊరందరికీ కుట్టు. నేను చెప్పినానని చెప్పు.”

“ఊరందరికీ పనికొచ్చేది నీకొక్కడికే ఎందుకు పనికిరాదు మామా?”

ఆదెయ్య వాకిట్లోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“కిర్రుమంటే, నేను సందు మలుపులో ఉండంగనే మా ఇంట్లోవాళ్లు నన్ను తిట్టుకునేది ఆపేసేటోళ్లు పాపా. నిన్న సప్పుడు లేకుండా గడపదాకా పోయి, అంతా ఇన్నా.”