ఎదురు కూర్చున్న చదువు

“తిప్పి పట్టుకో పాపా. అందరూ మననే చూస్తాండారు,” అన్నాడు కేశవయ్య గొంతు తగ్గించి.

కాలేజీ వరండాలో బెంచీ మీద కూర్చుని శ్రీవాణి దరఖాస్తు ఫారాన్ని తలకిందులుగా పట్టుకుని చదువుతోంది. పక్కనున్న పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు. ఆమె గబుక్కున ఫారం తిప్పింది.

ఆ అలవాటు ఇంటి చలవే. భార్య పోయాక, మాధవరంలో మగ్గం ఆగకూడదని చిన్నకూతుర్ని బడిలో వేయకుండా కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చోబెట్టింది కేశవయ్యే. బడికి పోయే పెద్దది నాగశ్రీ సాయంత్రాలు రాట్నానికి అవతల పుస్తకం పరుచుకుని పైకి చదివేది. చిన్నది ఇవతల నూలు చుడుతూ, ఎదుట కనబడిన అక్షరాన్ని కనబడినట్టే నేర్చుకుంది. అట్లా నేర్చినదే ఓపెన్ స్కూల్లో పది దాటి, ఇంటర్లో ఐదు వందలకు నాలుగు వందల అరవై తెచ్చుకుంది.

తెచ్చుకుంటే ఏం లాభం? కడపలో ఇది మూడో కాలేజీ. మొదటి రెండింట్లో మార్కులు చూసినవాడు లేడు. ఏ బడి అన్నారు, స్టడీ సర్టిఫికెట్ ఏదన్నారు, పొమ్మన్నారు. చేర్చుకోవడానికి ఈ రోజే ఆఖరు. ఇక్కడా కాదంటే ఆ పిల్ల మళ్లీ రాట్నం దగ్గరికే. తాను పంపని బడి ఇన్నేళ్లకు కూతురి కాళ్లకు అడ్డం పడుతుందని కేశవయ్య అనుకోలేదు.

పిలుపొచ్చింది. గుమాస్తా రాఘవేంద్రప్రసాద్ మెత్తని మనిషి. తన టేబుల్‌కు ఎదురుగా ఉన్న కుర్చీలు చూపించి కూర్చోమన్నాడు. పొద్దుటినుంచి వాళ్లను కూర్చోమన్నవాడు ఇతనొక్కడే.

“స్టడీ సర్టిఫికెట్ లేదు సార్. ఇంటికాడే సదివింది,” అన్నాడు కేశవయ్య, తిట్టు కోసం తల వంచుకుని.

“లేకుంటే ఏమప్పా? మా పిల్లోల్లు బస్సెక్కి బడికి పోయి గూడా ఇన్ని మార్కులు తేలేదు.”

కేశవయ్యకు కళ్లు చెమర్చాయి. గుమాస్తా పెద్ద రిజిస్టరు తెరిచాడు. అంతకుముందు వచ్చినవాళ్ల పేర్లకు ఒట్టి టిక్కు పెట్టినవాడు, శ్రీవాణి పేరు పక్కన మటుకు కాసేపు ఆలోచించి ఒక వరస నిండా రాశాడు. ప్రిన్సిపాల్ సంతకమొక్కటే మిగిలిందనీ, సాయంత్రం తనే ఫోన్ చేస్తాననీ చెప్పాడు. కేశవయ్య రెండు చేతులెత్తి మొక్కాడు. శ్రీవాణి తలెత్తలేదు. ఆ టేబుల్ వైపే చూస్తూ ఉండిపోయింది. ఆడపిల్ల, సిగ్గుపడింది పాపం అనుకున్నాడు తండ్రి.

బయటికొచ్చాక అతను బస్టాండు దారి వదిలి, పుస్తకాల సంచి కొందామని బజారు వైపు తిరిగాడు. కూతురి అడుగు పడడం లేదు.

“సారుకు ఒక దండం పెట్టుంటే నీ సొమ్మేం పోయేది? మన ఒక్కరికే అంత పొడుగు రాసినాడు, సూసినావా?”

“చూసినా నాయనా.”

“మరి?”

“‘బడి మొగం చూడని బాపతు, తీసుకోవద్దు’ అని రాసినాడు.”