రాజుల కోటకు కన్నం

ఊరి పేరు మాత్రం అడక్కండి, నాకూ తెలీదు. అక్కడ మెట్ట మీద గుండ్రంగా, రెండు నిలువుల ఎత్తున పాతకాలపు మట్టికట్ట ఒకటి ఉండేది. ఎప్పటి రాజులు పోయించారో ఏమో, లోపల ఇప్పుడన్నీ రేగుపొదలే. రావాలన్నా పోవాలన్నా ఒకటే వాకిలి.

ఆ పొదల్లో కుందేలు మూడు పిల్లల్ని పెట్టింది. సంగతి తెలిసిన నక్క వచ్చి వాకిట్లో అడ్డంగా పడుకుంది. ముళ్లలో దూరడం దేనికి, ఆకలేస్తే వాళ్లే వస్తారు కదా అని దాని ధీమా.

రెండు రోజులైంది. కుందేలుకు పాలు తగ్గిపోయాయి. పోయి, ఆ పొదల్లోనే ఉండే పందికొక్కు కాళ్ల మీద పడింది. "అన్నా, వెనక కట్టకు ఒక్క కన్నం పెట్టవా?"

పందికొక్కు గుప్పెడు మట్టి తీసిందో లేదో, కట్ట మీద ఎండకు పడుకున్న ఉడుము కయ్యిమంది.

"ఒరే తవ్వుడుగాడా! రాజుల కోటరా ఇది! ఏనుగులు కుమ్మినా చెక్కుచెదరలేదు. దీనికి కన్నమా?"

"అంత గట్టి కోట కదా బాబాయ్, మరి ఆ రాజులేరీ?" అంది కుందేలు.

"పోయారు."

"ఎటు పోయారు? ఉన్నది ఒకటే వాకిలాయె!"

ఉడుము నాలుక బయటికి తీసి మళ్లీ లోపలికి లాక్కుంది. ఈలోగా పందికొక్కు తన పని తను చేసుకుపోయింది. పొద్దు వాలేసరికి తల్లీ పిల్లలూ అవతల జొన్నచేలో ఉన్నారు. నక్క ఇంకా వాకిట్లోనే ఉంది, పాపం.

మర్నాడు అటుగా వచ్చిన కౌజుపిట్ట, ఆ కన్నం ఏమిటని ఉడుమును అడిగింది.

"అదా? రాజులు తవ్వించిన రహస్య మార్గం," అంది ఉడుము. "ఆ రోజుల్లోనే ఎంత ముందుచూపో చూడు!"