చేతిలో ఉండాల్సిన లెన్స్

"అమ్మా, ఆ లెన్స్ తీసుకోవద్దు."

కనీజ్ ఫాతిమా తలెత్తి చూసింది.

సెరంగూన్ మాల్ కింది అంతస్తు కాఫీ షాపు. టేబుల్ పక్కన డెబ్భై దాటిన పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎవరి వెనకో గబగబా నడిచొచ్చినట్టు ఆయాసపడుతున్నాడు.

ఎదురుగా కూర్చున్న బాలు ముఖం మాడిపోయింది.

శనివారం ఫొటో గ్రూపుకు బాలు పెద్ద. రెండేళ్ళుగా కనీజ్‌కు కెమెరా పట్టుకోవడం నేర్పుతున్నవాడు. ఆమె అతన్ని 'అన్నా' అని మనసారా పిలిచేది. రంజాన్ నెలలో హలీమ్ గిన్నె ముందు అతనికి చేరాకే మిగతావాళ్ళకు.

దగ్గరివీ దూరానివీ రెండూ తీసే జూమ్ లెన్స్ ఒక్కటుంటే చాలు, రోజూ సంచిలో వేసుకుని తిరుగుతానని ఆమె అడిగింది.

"బయట కొనడమెందుకు? నాదే తీసుకో. పువ్వులా చూసుకున్నాను" అన్నాడు బాలు.

ఆ లెన్సే ఇప్పుడు టేబుల్ మీద ఉంది.

"ఎందుకు తీసుకోవద్దు అంకుల్?"

"జూమ్ మొత్తం బయటికి లాగి, అదిగో ఆ నడిచే మనిషిని ఒక్క ఫొటో తీసి చూడమ్మా. కదలని దాన్ని పట్టుకుంటుంది. కదిలేదాన్ని పట్టలేదు."

కనీజ్ కెమెరా అందుకోబోయింది.

బాలు దాని మీద చెయ్యి వేశాడు. "నా మీద నమ్మకం లేదా కనీజ్?"

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అయినా రోజూ వాడేదానికి ఇంత పొడుగుది ఎందుకమ్మా?" పెద్దాయన వదల్లేదు. "చిన్నది తీసుకో, తేలికది. బరువైంది నాలుగు రోజులు మోసి ఇంట్లో పెట్టేస్తావు. చేతిలో ఉన్న లెన్సే మంచి లెన్స్."

"ఈయన్ని పట్టించుకోకు" అన్నాడు బాలు. "ఇక్కడే తిరుగుతుంటాడు. బేరాలు చెడగొట్టడమే పని. మైండ్ సరిగా లేదు, పాపం."

పెద్దాయన బాలు వైపు చూశాడు.  

కనీజ్‌కు ఒళ్ళు మండింది.

"అంకుల్, మీ వయసు చూసి ఊకుంటున్న. ఈయన నాకు సొంత అన్న లెక్క. మా మధ్యలకు రాకుండ్రి. పోతరా, సెక్యూరిటీని పిలవాల్నా?"

చుట్టుపక్కల వాళ్ళు తలలు తిప్పి చూశారు.

పెద్దాయన తల దించుకుని, ఎస్కలేటర్ రెయిలింగ్ పట్టుకుని వెళ్ళిపోయాడు.

కనీజ్ డబ్బిచ్చి లెన్స్ తీసుకుంది. పూలూ భవనాలూ తీస్తుండగానే నెల తిరిగింది.

ఆస్పత్రిలో కనీజ్ కూతురు, ఏడేళ్ళ జారా కాలి బ్రేస్ తీసేసే రోజు వచ్చింది. పుట్టుకతోనే వంకర పోయిన కాలు. రెండు ఆపరేషన్లు, పదకొండు నెలల బ్రేస్. ఏ ఆసరా లేకుండా ఆ పిల్ల నడవడం అదే మొదలు.

భర్త ఉమైర్ ఫోన్ తీయబోతే కనీజ్ వద్దంది. "నువ్వు ఆ చివరికి పోయి చేతులు చాపు. ఫొటోలు నేను తీస్త."

"మమ్మీ, టేక్ నైస్‌లీ, ఓకే? ఫస్ట్ టైమ్ ఒక్కసారే వస్తది లా!" అంది జారా, బడిలో అలవాటైన 'లా' చివర తగిలించి.

పసుపు గౌనులో జారా ఎనిమిది అడుగులు వేసింది.

లెన్స్ గిర్రుమంటూ ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ వెతుక్కుంది. జారా నవ్వుతూ తండ్రి చేతుల్లో వాలిపోయింది. నర్సులు చప్పట్లు కొట్టారు. కనీజ్ ఏడుస్తూనే బటన్ నొక్కుతూ పోయింది.

టాంపినీస్‌లోని ఇంటికి వచ్చి చూస్తే, నలభై ఫొటోల్లోనూ వెనకున్న గోడ అద్దంలా స్పష్టంగా ఉంది. ముందు ఏదో పసుపు మరక.

జారా తొంగి చూసింది. "వేర్ యామ్ ఐ, మమ్మీ?"

కనీజ్ బాలుకు ఫోన్ చేసింది.

"కొనేటప్పుడే చూసుకోవాలి కనీజ్. చిన్నపిల్లవా?"

"అన్నా, చూస్తనంటే మీరే గద వద్దన్నరు!"

ఫోన్ పెట్టేశాడు. గంట తిరిగేసరికి ఫొటో గ్రూపులో ఆమె పేరు లేదు.

లెన్స్ చెడిపోయిందన్న బాధ ఒక ఎత్తు. రెండేళ్ళు నోరారా పిలిచిన పిలుపు అబద్ధమైపోయిందన్న బాధ ఇంకో ఎత్తు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

మర్నాడు కెమెరాలు బాగుచేసే పెద్దిరాజు కొట్టుకు వెళ్ళింది. అతను లెన్స్‌ను ఇటూ అటూ తిప్పి చూసి కళ్ళద్దాలు తీసేశాడు.

"ఏవండీ, ఇది మీ దగ్గరికెలా వచ్చిందీ?"

"బాలు అని, తెలిసినాయనే అమ్మిండు."

పెద్దిరాజు లెన్స్‌ను బల్ల మీద పెట్టాడు.

"దీని ఫోకస్ మోటారు ఎప్పుడో దెబ్బతిందండీ. ఆర్నెల్ల కిందట మా గురువుగారు తెచ్చి చూపించారు. ఇక బాగవదన్నాను. 'అయితే బీరువాలో పడేస్తాను రాజూ, ఎవరి చేతా కొనిపించకూడదు' అన్నారు."

"మీ గురువుగారా?"

"గోపాలకృష్ణగారండీ. మలేషియా నుంచొచ్చి ఇక్కడే నలభయ్యేళ్ళు కెమెరాలు బాగుచేశారు. నాకీ పని నేర్పిందీ ఆయనే."

గోడ మీద ఫొటో చూపించాడు.

కనీజ్ దగ్గరికి వెళ్ళి చూసింది. ఆ పెద్దాయనే. సెక్యూరిటీని పిలుస్తానంటే తల దించుకుని వెళ్ళిపోయిన మనిషి.

"ఈయన ఎక్కడుంటరు? ఇప్పుడే పోయి మాఫీ అడగాలె."

"పోయి పది రోజులైందండీ. గుండె ఆగిపోయింది. మనిషి ఎందుకో పోయే ముందు మూడు వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇంట్ల ఎవరన్న ఉన్నరా? వాళ్ళకన్న చెప్పుకుంట. ఎంత మంచి మనిషినో నేను అవమానించిన అని."

పెద్దిరాజు లెన్స్‌ను నెమ్మదిగా ఆమె ముందుకు జరిపాడు.

"కొడుకొక్కడేనండీ. ఇది మీకు అమ్మినాయనే."