ఒకెనీ ఎలా ఉన్నాడు?

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, విడవనూ లేదు. మబ్బు గుడిసెల కప్పుల మీదికి వంగి ఉంది. ఒకెనీ తల్లి అర్యెమో వాకిట్లో నిలబడి కిడేగా, దారి పొడుగునా కూడబలుక్కున్న మాటను లోలోపల మళ్ళీ అప్పజెప్పుకుంటున్నాడు.

"మా ఒకెనీతో అడవిలో ఉన్నావటగా? కూర్చో నాయనా. ఎలా ఉన్నాడు వాడు?" అంది ఆమె, నువ్వులు నూరుతూనే.

తిరుగుబాటుదార్లు ఇద్దర్నీ ఒకే తాడుకు కట్టి తోలుకుపోయిననాడు ఒకెనీకి పదకొండేళ్ళు, కిడేగాకు తొమ్మిది. రెండేళ్ళకు ఒకెనీ పారిపోబోయి దొరికాడు. దుడ్డుకర్ర తెచ్చి కిడేగా చేతిలో పెట్టారు. కొట్టకపోతే వాడి పక్కన నువ్వూ పడుకుంటావన్నారు. కొట్టాడు. ప్రాణం పోయేదాకా కొట్టాడు. అది చెప్పడానికే ఇప్పుడు వచ్చాడు.

"బాగున్నాడమ్మా," అన్నాడు. "సరిహద్దు అవతల ఉన్నాడు."

"తింటున్నాడా? ఒట్టి బద్ధకస్తుడు, కలిపి పెడితే గాని తినడు."

"తింటున్నాడు. పొడుగయ్యాడు."

"పొడుగా? వాళ్ళ నాన్న పొట్టి, నేను పొట్టి. ఎవరి పోలికో మరి."

ఆమె నవ్వింది. కిడేగా నేల చూశాడు.

"మా దళంలోవాళ్ళు ఇంకెవరన్నా తిరిగొచ్చారా అమ్మా?"

"పోయిన వానల్లో లమ్వాకా వచ్చింది. దానికి మాటలు తక్కువలే."

అతనికి ఊపిరి ఆడింది.

ఆమె మరిది, ముసలి ఓజారా, సొరకాయ బుర్రతో వచ్చాడు. "అడవిలో పెరిగినవాడివి, మన పద్ధతులు నీకేం తెలుసు? మోకాళ్ళ మీద కూర్చో. చేతులు వెనక్కి పెట్టు. అట్లా బిగుసుకోకురా, ఇక్కడ నీకు దళపతి ఎవడూ లేడు."

అర్యెమో ఎదురుగా మోకరించింది. నుదురూ నుదురూ తగిలాయి. ఒకే బుర్రలో ఇద్దరూ మూతి పెట్టి తాగారు. ఏదో వేరు నూరి కలిపిన కల్లు. వచ్చినవాళ్ళకు చేసే మర్యాద కాబోలనుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

"చేదా?" అంది.

"పర్లేదమ్మా."

తర్వాత రాగి సంకటి, నువ్వుల ముద్ద కలిపిన ఆకుకూర. ముగ్గురూ ఒకే పళ్ళెంలో తిన్నారు. ఈ ముద్ద మింగి చెబుదాం, ఈ ముద్ద మింగి చెబుదాం అనుకుంటుండగానే పళ్ళెం అడుగు కనిపించింది.

"అమ్మా, ఒకెనీ..." అన్నాడు.

ఆమె చెయ్యి కడుక్కుని, ఆ తడి చెయ్యి అతని తల మీద పెట్టింది.

"ఆ చేదు, పగ విడిచేటప్పుడు, బిడ్డను చంపినవాడితో తప్ప ఏ తల్లీ తాగదు నాయనా."