ఇంట్లో కొట్టని దెబ్బ

"అది ఇంట్ల కొట్టే దెబ్బ కాదురా. సావు దెబ్బ." ఆగయ్య డప్పును గోడకు ఆనించేశాడు.

"ఒక్కపారి కొట్టు తాతా. రెండిట్ల ఏది ఉంచుకోవాల్నో తేలాలె. రెండోది సాయంత్రం లోపల ఉప్పల్ దుకాణంల వాపస్ ఇయ్యాలె."

సాయి కుమార్ ముందు రెండు ఆడియో ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి. మైకులో పడ్డ శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టెలు. పెళ్లి దెబ్బలు రెండింట్లోనూ బాగానే పలికాయి. ఇక మిగిలింది తాతకు తప్ప ఆ చుట్టుపక్కల ఎవరికీ రాని చావు దెబ్బ. అందులో గుండె అదిరే మోత వెంటనే, సన్నని పుల్ల తోలును తాకీ తాకనట్టు తాకుతుంది. తాత చేతులు అప్పటికే వణుకుతున్నాయి. ఈ ఏడు రికార్డు చేసుకోకపోతే ఆ దెబ్బ ఇక దొరకదు.

"గోడ అవతలనే లింగమ్మ మంచమున్నదిరా."

లింగమ్మ, వీళ్లు అద్దెకుంటున్న ఇంటి ఓనరు పూర్ణిమకు అత్త. రెండు నెలలుగా కళ్లు తెరవలేదు, పలకలేదు.

"ఆమెకేం ఇనపడదని దవాఖానల చెప్పిన్రట తాతా. కిటికీలు మూస్త. సరేనా?"

తలుపుకు బొంత కూడా కట్టాడు. ఆగయ్య దేవుడికి దండం పెట్టుకుని, డప్పు వాయించే చిర్ర అందుకున్నాడు.

మొదటి పెట్టె మోతకే ఎర్ర లైటు వేసింది, శబ్దం పగిలిపోయింది. వాల్యూమ్ తగ్గిస్తే పుల్ల చప్పుడే లేదు. రెండోది తగిలించాడు. మోత మోతలాగే నిలిచింది. దాని వెనక పుల్ల తాకిడి, చెవిలో ఎవరో ఊపిరి వదిలినట్టు వినపడింది.

"దొరికింది తాతా! ఇదే!"

సంబరంగా తలుపు తీసి నిలబడిపోయాడు. గేటు ముందు గల్లీ అంతా ఉంది. కిరాణా పాండురంగ చేతిలో బంతిపూల దండ.

"లింగమ్మ ఎప్పుడు పోయిందిరా?"

"లే... లేదన్నా. టెస్టింగ్..."

"సావు దెబ్బ టెస్టింగా? సిగ్గులేదారా నీకు?"

అంతలో పక్క వాటాలోంచి పూర్ణిమ పరుగెత్తుకొచ్చింది. చేతిలో గంజి చెంచా, చెంపల నిండా కన్నీళ్లు.

"ఎవలు కొట్టిన్రు?"

ఆగయ్య రెండు చేతులూ జోడించాడు. "నేనే బిడ్డా. తప్పయింది. పోరన్ని ఏమనకు. లింగమ్మకు ఏమైంది?"

పూర్ణిమ కొంగుతో చెంపలు తుడుచుకుంది.

"కండ్లు తెరిసింది తాతా. 'ఎవలో పోయినట్టున్నరు, నా చెప్పులేవే, పోయి సూసొస్త' అంటున్నది."